లోపలి గడియ

"నడుస్తున్నారా?"

అమ్మకి పక్షవాతం వచ్చాక ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ముందు అడిగింది ఇదే. ఆ తర్వాత, "మాట వస్తోందా?" రెండింటికీ ఆఁ అంటే చాలు, "హమ్మయ్య, ఇంకేం, గండం గట్టెక్కినట్టే" అని పెట్టేసేవాళ్లు. మేమూ అలాగే అనుకున్నాం. ఆరోవారంలో అమ్మ నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. తమ్ముడు వీడియో తీసి చుట్టాలందరికీ పంపాడు. దండాలు, పువ్వులు, బొటనవేళ్లు వచ్చిపడ్డాయి.

ఆ వీడియోలో నడుస్తున్న మనిషికి ఆ పొద్దున పళ్లు నేను తోమాను. ముఖం నేను కడిగాను. స్నానం నేనూ నాన్నా కలిసి చేయించాం. తల దువ్వింది నేను, చెంచాతో తినిపించింది నేను. ఇవేవీ వీడియోలో లేవు. దాచాలని దాచలేదు, అవి చెప్పుకోవలసిన సంగతులని మాకే తోచలేదు.

వయసు మళ్లినవాళ్ల గురించి అడిగేటప్పుడు మనం అలవాటుగా ఒక మాట అంటాం: "ఆవిడ పనులు ఆవిడ చేసుకుంటోందా?" ఎంత మంచి ప్రశ్న! పెద్దవాళ్లు కూడా తమ గురించి అదే కోరుకుంటారు, ఎవరిచేతా చేయించుకోకుండా పోతే చాలని. అదే స్ట్రోక్ వచ్చిన మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న మర్చిపోయి కాళ్ల వంక చూస్తాం.

నా గొడవంతా ఇదే. జబ్బు నుంచి లేచిన మనిషి కోలుకున్నట్టా కాదా అన్నది నడకతో తేల్చకూడదు, తన పని తను చేసుకోగలగడంతో తేల్చాలి. దానికి అడ్డంపడేవాటిలో జబ్బుతో పాటు ఇంట్లోవాళ్ల ప్రేమ కూడా ఉంటుంది. మా ఇంట్లో ఆ అడ్డం నేనే.

డిశ్చార్జి కాగితంలో మందులున్నాయి, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంది, ఫిజియోథెరపీ అని ఉంది. ఆక్యుపేషనల్ థెరపీ అన్న మాట లేదు. రెండు నెలలు గడిచాక ఆ మాట చెప్పింది ఫిజియోథెరపిస్టే. "కాళ్ల సంగతి నేను చూస్తున్నాను. చేతికీ, ఇంట్లో పనులకీ మీరు ఓటీకి వెళ్లాలి" అన్నాడాయన. అమ్మ బెదిరిపోయింది. ఆవిడకి తెలిసిన ఓటీ ఆపరేషన్ థియేటరే. "మళ్లీ కోస్తారా?" అంది. కాదమ్మా, ఆక్యుపేషనల్ థెరపీ అని పూర్తి పేరు చెప్తే, "నాకేం ఆక్యుపేషన్? రిటైరై ఆరేళ్లయింది" అంది.

పేరుతో వచ్చిన చిక్కు అది. ఆక్యుపేషన్ అంటే మనకి ఉద్యోగం. ఈ విద్యలో మాత్రం లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మనిషి రోజుని నింపే పనులన్నీ దాని కిందకే వస్తాయి. పళ్లు తోముకోవడం, గుండీ పెట్టుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మాత్రలు వేళకి గుర్తుపెట్టుకుని వేసుకోవడం, ఫోన్ ఎత్తడం, చిల్లర లెక్కపెట్టడం, పేపరు చదువుకోవడం. మన "పని" అన్న మాట దీనికి ఎంత చక్కగా సరిపోతుందంటే, మొదట్లోనే ఎవరైనా దీన్ని పనుల వైద్యం అని ఉంటే అమ్మ అంత బెదిరేది కాదు.

దీని పుట్టుక గురించి తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. 1917 మార్చిలో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో కొద్దిమంది కూర్చుని ఈ వృత్తికి ఒక సంఘం పెట్టారు. వాళ్లు కూర్చున్న ఇల్లు జార్జ్ బార్టన్‌ది. ఆయన డాక్టరు కాదు, ఆర్కిటెక్టు. క్షయతో బాధపడి, పాదంలో కొంత భాగం పోగొట్టుకుని, ఆపైన ఎడమపక్క చచ్చుబడితే తోటపనీ వడ్రంగిపనీ చేసుకుంటూ మళ్లీ లేచి నిలబడినవాడు. అంటే ఈ వైద్యాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడు రోగి. ఆ గుంపులోనే ఎలినార్ స్లాగిల్ అనే ఆవిడ ఉంది. మానసిక రోగుల ఆసుపత్రుల్లో, ఇక వీళ్లింతే అని వదిలేసినవాళ్లకి లేవడం, ముఖం కడుక్కోవడం, పని, ఆట, విశ్రాంతి వేళ ప్రకారం మళ్లీ అలవాటు చేయించింది. అందుకే ఇప్పటికీ ఈ వైద్యం చేసే ఓటీలు ఒక్క పక్షవాతానికే పరిమితం కారు. కీళ్లవాతం, కాలిన గాయాలు, వెన్నుపూస దెబ్బలు, స్కిజోఫ్రీనియా, మతిమరుపు, పుట్టుకతో ఎదుగుదల చిక్కులున్న పిల్లలు, అందరూ వాళ్ల దగ్గరికి వస్తారు. జబ్బు ఏదైనా వాళ్లు అడిగేది ఒకటే, దీనివల్ల మీ రోజులో ఏం ఆగిపోయింది అని.

మమ్మల్నీ అదే అడిగారు. థెరపిస్టు చిన్నపిల్ల, మహా అయితే పాతికేళ్లుంటాయి. బంతి నొక్కిస్తుందనీ చెయ్యి పైకెత్తిస్తుందనీ అనుకుంటూ కూర్చున్నాం. కాగితం తీసుకుని, "అమ్మా, మీకు మళ్లీ ఏ పని చేసుకోవాలనుంది?" అంది. నేను అందుకున్నాను. నడక ఇంకా కుదురుగా లేదండీ, కుడిచెయ్యి అసలు... అంటుంటే ఆ అమ్మాయి నవ్వుతూనే చెయ్యి అడ్డం పెట్టింది. "మీరాగండి. అమ్మ చెప్తారు."

అమ్మకి మాట అప్పటికింకా ముద్దగా, నెమ్మదిగా వచ్చేది. చాలాసేపు ఎదురుచూశాం. నాకు టెన్షన్. చివరికి అంది, "గడియ."

ఏ గడియమ్మా?

"బాత్రూం గడియ. లోపల్నించి. నేను వేసుకోవాలి."

రెండు నెలలుగా అమ్మకి స్నానం చేయించింది నేను. అటూ ఇటూ తిరగడానికి వీలుగా తలుపు ఓరగా తీసి ఉంచేదాన్ని. లేపడానికి సాయం కావాలంటే నాన్న వచ్చేవారు. నీళ్లు పోస్తున్నంతసేపూ అమ్మ కుళాయి వంకే చూస్తూ ఉండేది. చలికి బిగుసుకుని అలా చూస్తోందనుకునేదాన్ని. ఒక్కసారి కూడా తలుపు మూయమని అడగలేదు. చేస్తున్నవాళ్లని ఏమని అడుగుతుంది?

ఆ అమ్మాయి కాగితం మీద "గడియ" అని రాసుకుంది. "తప్పకుండా వేసుకుంటారు" లాంటి తీపి మాటలేవీ చెప్పలేదు. "అది చివర్న వస్తుందమ్మా. ముందు స్నానం సంగతి చూద్దాం" అంది. నాకు ఆ పిల్ల మీద గురి కుదిరింది అప్పుడే.

గడియ దాకా ఎందుకు, అసలు స్నానమే చివర్న తిరిగొచ్చే పనుల్లో ఒకటి. 1963లో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు తన బృందంతో కలిసి రోజువారీ పనుల్లో ఆరింటిని కొలతగా తీసుకున్నారు: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం. కోలుకుంటున్నవాళ్లని గమనిస్తే ఇవి ఒక వరసలో తిరిగివస్తున్నాయి. తినడం, అదుపు ముందు. తర్వాత మంచం దిగడం, మరుగుదొడ్డి. బట్టలూ స్నానమూ చివర. పసిపిల్లలు నేర్చుకునే వరసకి ఇది దగ్గరగా ఉందని వాళ్లే రాశారు. (పిల్లలతో పోలిక అక్కడితో ఆగాలి. పిల్లలకి పోగొట్టుకున్నది ఏమిటో తెలియదు, అమ్మకి తెలుసు.) అమ్మ ఆ వరసలో అట్టడుగుది పట్టుకుని అడిగిందన్నమాట.

ఆసుపత్రుల్లో బాగా వాడే ఇంకో కొలత బార్తెల్ సూచిక, 1965 నాటిది. పది పనులకి కలిపి 100 మార్కులు. చదునైన నేల మీద నడకకి 15. మంచం నుంచి కుర్చీకి మారడానికి ఇంకో 15. స్నానానికి 5. సాయం అవసరాన్ని తూచే కొలత కాబట్టి ఆ లెక్క వాళ్లకి సబబే కావచ్చు. నాకు మాత్రం ఆ 5 చూసినప్పుడల్లా కోపం వస్తుంది. అమ్మకి 100లో 95 వచ్చినా ఆ మిగిలిన 5 మార్కుల్లోనే ఆవిడ సిగ్గంతా ఉంది. మాకు ఓటీ చేసిన మేలు ఇదీ అని ఒక్క ముక్కలో చెప్పమంటే, కొలతలో 5 మార్కులున్న పనిని అమ్మ లెక్కలో మొదటి పనిగా చూసింది అంటాను.

తర్వాతి వారం ఆ అమ్మాయి ఇంటికొచ్చింది. ముందు బాత్రూంలోకి వెళ్లింది. లేచేటప్పుడు అమ్మ పట్టుకునే టవల్ కడ్డీని రెండు చేతులతో గట్టిగా ఊపింది. గోడలోంచి సున్నం రాలింది. "ఇది టవల్ బరువుకి బిగించిందండీ, మనిషి బరువుకి కాదు" అంది. రెండు నెలలుగా అమ్మ ప్రాణం ఆ రెండు మేకుల మీద వేలాడింది. దాని స్థానంలో గోడలోపలికంటా బోల్టులు దించిన కడ్డీ వచ్చింది, అమ్మ ఎడమచేతికి అందేలా. కాళ్లకి రబ్బరు బిరడాలున్న స్టూలు వచ్చింది. జారని చాప వచ్చింది, గడప దగ్గరున్న గుడ్డ పట్టా పోయింది.

అప్పుడు ఆ పిల్ల స్నానాన్ని ముక్కలు చేయడం మొదలుపెట్టింది. నాకు స్నానం ఒక పని. ఆ అమ్మాయి వేళ్లు మడుస్తూ లెక్కపెడితే ఇరవై దాటింది. బట్టలు అందుకునే చోట పెట్టుకోవడం. వెనక్కి జరిగి, స్టూలు కాళ్ల వెనక తగిలాకే కూర్చోవడం. నీళ్లు మంచి చేత్తోనే చూడటం, ఎందుకంటే జబ్బు చేతికి వేడి తెలియక కాలిపోవచ్చు. కుడిచేత్తో సబ్బు నిలవదు కాబట్టి గుడ్డతో కుట్టిన చేతిసంచీలో సబ్బు పెట్టి ఎడమచేతికి తొడుక్కోవడం. ఎడమచేత్తో ఎడమచేతినే రుద్దుకోవడం ఎలా? ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. సబ్బు రాసిన గుడ్డని తొడ మీద పరుచుకుని, దాని మీద చేతిని అటూ ఇటూ రాసుకోవాలట. వీపుకి పొడుగు కాడ ఉన్న బ్రష్. తుడుచుకోవడం బదులు టవల్ గుడ్డతో కుట్టిన పొడుగు కోటు తొడుక్కుని కూర్చుంటే ఒంటి తడి అదే పీల్చుకుంటుంది. పాదాలు పూర్తిగా ఆరాకే లేవాలి.

ఈ ఇరవైలో అమ్మకి ఇప్పటికే వచ్చేవి ఎన్ని, కాస్త నేర్పితే వచ్చేవి ఎన్ని, సామాను మారిస్తే సులువయ్యేవి ఎన్ని, ఎప్పటికీ ఒకరు చేయవలసినవి ఎన్ని అని విడదీసింది. నేను రెండు నెలలు చేసినవాటిలో సగం దాకా అమ్మ ఆ రోజే చేయగలిగింది. ఎవరూ చేయనివ్వలేదంతే.

ఆ "చేయనివ్వలేదు" దగ్గర కాసేపు ఆగుతాను.

వాడకుండా వదిలేసిన చెయ్యి, వాడకపోవడం నేర్చుకుంటుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త దీనిమీద ఏళ్లతరబడి పనిచేశాడు. స్ట్రోక్ వచ్చిన కొత్తలో చెయ్యి నిజంగానే లేవదు. ప్రయత్నించిన ప్రతిసారీ పని చెడుతుంది. మంచి చేత్తో, లేదా పక్కవాళ్ల చేత్తో చటుక్కున అయిపోతుంది. కొన్నాళ్లకి మెదడు కాస్త కోలుకుని చేతికి కొంత కదలిక తిరిగొచ్చినా, మనిషి ఆ చేతిని పిలవడం మానేసి ఉంటాడు. దీనికి విరుగుడుగా టాబ్ తెచ్చిన పద్ధతిలో మంచి చేతికే మెత్తని తొడుగు వేసి కట్టడి చేస్తారు, జబ్బు చేత్తో గంటలతరబడి పనులు చేయిస్తారు. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 2 వారాల పాటు ఇలా చేయించిన పెద్ద అధ్యయనం 2006లో అచ్చయింది. మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం తొడుగుతోనే ఉండాలన్నది నియమం. ఆ గుంపువాళ్ల చేతివాడకం మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే మెరుగుపడింది, ఏడాది తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది.

ఇది అందరికీ పనికిరాదు. మణికట్టూ వేళ్లూ కొంతైనా తెరుచుకునేవాళ్లకే. అమ్మకి కుదరదని ఆ అమ్మాయి మొదటిరోజే చెప్పేసింది. నేను దీని గురించి రాస్తున్నది వేరే కారణానికి. అది చదివిన రోజు రాత్రి నాకు తట్టింది, మేం దీనికి సరిగ్గా తలకిందులుగా చేశాం. అమ్మ రెండు చేతులకీ తొడుగు వేశాం. ఎడమచెయ్యి దివ్యంగా ఉన్న మనిషికి చెంచాతో నేను తినిపించడమేమిటి? ఎడమచేత్తో తింటే పక్కన పడుతుందని. పడితే ఏమైంది? తుడిచేది నేను కాబట్టి నాకు పని పెరుగుతుంది. ప్రేమ అనుకున్నదాంట్లో సగం నా తొందర.

ఇంకో ఘోరం కూడా చెప్పేస్తాను. మంచం మీంచి లేపేటప్పుడు జబ్బు చేతిని పట్టుకుని లాగేవాళ్లం, చచ్చుబడింది కదా, దానికే సాయం కావాలని. కండల పట్టు లేని భుజాన్ని అలా లాగితే కీలు జారుతుంది, నొప్పి నెలలతరబడి వదలదు. ఈ పేరా చదివినవాళ్లు మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఆ చెయ్యి మాత్రం లాగకండి.

గుండీల దగ్గర ఆ అమ్మాయి చేసిన పని నాకు బాగా నచ్చింది. అమ్మ నైటీకి ముందు అయిదు గుండీలు. నేర్పేవాళ్లెవరైనా మొదటి గుండీతో మొదలుపెడతారు. ఈ పిల్ల నాలుగు తనే పెట్టేసి అయిదోది అమ్మకి వదిలింది. అది పడ్డాక, మర్నాడు మూడు పెట్టి రెండు వదిలింది. వెనకనుంచి ముందుకి. ఇలా చేస్తే పని పూర్తయ్యేది ఎప్పుడూ అమ్మ చేతిలోనే. మొదటినుంచి చేయిస్తే మూడోదానికి అలిసిపోయి, మిగతావి నేను పెట్టి, ప్రతిరోజూ ఓటమితో ముగిసేది. నైటీ తొడుక్కోవడానికి ఒక సూత్రం చెప్పింది: తొడిగేటప్పుడు జబ్బు చెయ్యి ముందు, విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. నాన్న దాన్ని అట్టముక్క మీద రాసి అల్మరాకి అంటించారు.

పళ్లు తోముకోవడానికి నేను పెద్ద పెద్ద ఏర్పాట్లు ఊహించుకున్నాను. ఒంటిచేత్తో బ్రష్ పట్టుకుంటే ట్యూబు ఎవరు నొక్కుతారు? "పేస్టు బ్రష్ మీదే వేయాలని ఎవరన్నారు? మీ ట్యూబు మీకు విడిగా ఉంచుకుని నోట్లోనే పిండుకోండి" అంది ఆ పిల్ల. అమ్మ అంతగా నవ్వడం స్ట్రోక్ తర్వాత అదే మొదటిసారి.

థెరపీకి వెళ్లినచోట బల్లల దగ్గర కూర్చున్న మిగతావాళ్లని చూస్తూ ఉండేదాన్ని. ఒకాయన కంచంలో కుడివైపు సగం మాత్రం తిని, ఇంకా పెట్టలేదేమని అడిగేవారు. ఎడమ సగం అలాగే ఉండేది. చూపు బాగానే ఉంది, మెదడు ఎడమవైపుని లెక్కలోకి తీసుకోవడం మానేసింది. గడ్డం కూడా సగమే గీసుకునేవారట. ఆయనకి కంచం ఎడమ అంచున ఎర్రటి పట్టీ అంటించి, ఆ ఎరుపు కనిపించేదాకా తల తిప్పడం నేర్పుతున్నారు. ఇంకొకావిడకి చేతిలో బలముంది, కానీ దువ్వెన ఇస్తే నోటి దగ్గరికి పోయేది. వీళ్లిద్దరూ చక్కగా నడుస్తారు. ఫోన్‌లో ఎవరైనా "నడుస్తున్నారా" అని అడిగితే వాళ్లింట్లోవాళ్లు అవుననే చెప్పాలి.

వాదన బాగానే ఉంది, టైమెవరికుంది? ఇది నన్ను అందరూ అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న కూడా. నేను చేయిస్తే పది నిమిషాల్లో అయ్యే స్నానం అమ్మ చేసుకుంటే ముప్పావు గంట. నాకు తొమ్మిదింటికల్లా బయల్దేరాలి. ఆ అమ్మాయితో అదే అంటే, "అన్నీ రోజూ అమ్మే చేసుకోవాలని నేనన్నానా?" అంది. రోజుకి ఒక పని ఎంచుకోమంది. నాకు పనున్న రోజుల్లో గుండీలూ పళ్లూ అమ్మవి, స్నానం నాది. సెలవురోజు స్నానం అమ్మది. ఆ ఒక్క ముప్పావు గంటా నేను చేతులు కట్టుకుని ఊరుకోవాలి. చెప్పినంత తేలిక కాదది. కళ్లముందు అమ్మ గుండీ మూడుసార్లు జారవిడుస్తుంటే నా చేతులు వాటంతటవే ముందుకి పోయేవి. చివరికి ఆ అమ్మాయి నాకూ ఒక చికిత్స చెప్పింది, మీ చేతులు మీ తొడల కింద పెట్టుకుని కూర్చోండి అని. అలాగే కూర్చునేదాన్ని.

పడిపోతే? ఈ ప్రశ్న నాన్నది. ఆయన భయం ఉత్తది కాదు, ఈ వయసులో తుంటి విరిగితే మళ్లీ మంచమే. కానీ మేం చేసిపెట్టినన్నాళ్లూ అమ్మ పడే ప్రమాదం తగ్గిందా? ఊడిపోయే కడ్డీ పట్టుకుని లేచింది, జారే పట్టా మీద నడిచింది, కూర్చోబెట్టి కూర్చోబెట్టి కాళ్లలో బలం ఇంకా తగ్గింది. జాగ్రత్త పేరుతో మనిషిని ఆపాంగానీ గోడ వంక చూడలేదు. ఓటీ ముందు గోడ వంక చూసింది. నా దృష్టిలో అసలు జాగ్రత్త అది.

మరి అన్నీ ఎవరికివారే చేసుకోవాలా? నేను మొదట్లో మూర్ఖంగా ఆ వైపుకి కూడా పోయాను. గుండీలు వచ్చేశాక ఇక అన్నీ నువ్వే చేసుకో అని అమ్మ వెంటపడ్డాను. స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట మామూలు అలసట కాదు. పొద్దున బట్టలు వేసుకోవడానికే ఉన్న ఓపికంతా అయిపోతే మిగతా రోజంతా పడకే. ఒకరోజు అమ్మ స్నేహితురాలు వస్తానంది. ఆ పొద్దున అమ్మ, "ఇవాళ నువ్వే తొడుగు. నాకు సాయంత్రం మాట్లాడే ఓపిక కావాలి" అంది. నాకు నిరాశగా అనిపించింది. ఓటీ పిల్లకి చెప్తే ఎగిరి గంతేసినంత పనిచేసింది. ఉన్న ఓపిక దేనికి ఖర్చుపెట్టాలో అమ్మే లెక్క వేసుకుంటున్నారు, నాకు కావలసింది అదే అంది. ఒకరి సాయం తీసుకోవాలని తనే నిర్ణయించుకోవడం వేరు, అడక్కుండా ఒకరు మీదపడి చేసేయడం వేరు. ఈ తేడా తెలియడానికి నాకు అయిదు నెలలు పట్టింది.

కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ప్రచారంలా ఉంటుంది. వేళ్లు కాస్త ముడుచుకుంటాయి, సరిగా తెరుచుకోవు. సంతకం ఇప్పుడు ఎడమచేత్తోనే, పిల్లల రాతలా వంకరగా. కానీ ఆ చేతికీ ఒక ఉద్యోగం దొరికింది. కాగితం కదలకుండా అదుముతుంది. డబ్బాని ఒంటికి ఆనించి పట్టుకుంటే ఎడమచెయ్యి మూత తీస్తుంది. "ఇది ఇప్పుడు అసిస్టెంటు" అంటుంది అమ్మ. బాగుపడని దాన్ని బాగుచేస్తామని ఓటీలు బుకాయించరు. పనికి దారి ఇంకోటి వెతుకుతారు, అదీ లేకపోతే సామాను మారుస్తారు, అదీ చాలకపోతే ఇల్లు మారుస్తారు. పాత చెయ్యి వచ్చేదాకా అన్నీ వాయిదా వేసుకుని కూర్చున్నవాళ్లని అక్కడ చూశాను. నాకు వాళ్లని తప్పుపట్టాలని లేదు. ఆ ఎదురుచూపు ఎంత లోతుగా పట్టుకుంటుందో మా ఇంట్లోనూ చూశాను, నాన్న ఇప్పటికీ పడుకునే ముందు అమ్మ వేళ్లు ఒక్కొక్కటే సాగదీసి చూస్తారు.

గడియ సంగతి. ఏడో నెలలో ఆ అమ్మాయి సరే అంది, రెండు షరతుల మీద. తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల పడితే లోపలికి తెరుచుకునే తలుపుకి మనిషే అడ్డం. పాత గడియ తీసేసి, లోపల తిప్పితే పడేదీ, అవసరమైతే బయటనుంచి గాడిలో చిల్లర బిళ్ల పెట్టి తిప్పితే తెరుచుకునేదీ బిగించాలి. వడ్రంగి వచ్చి ఒక పూటలో రెండూ చేసి వెళ్లాడు.

ఆ ఆదివారం అమ్మ కర్రతో లోపలికి వెళ్లి తలుపు లాక్కుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత టక్‌మని గడియ పడింది. నేనూ నాన్నా బయట కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నీళ్ల చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. పావుగంటకి "అమ్మా, బాగానే ఉందా?" అన్నాను. "ఊఁ." ఇంకో పది నిమిషాలకి మళ్లీ అడిగాను. "ఊఁ." మూడోసారి అడిగేసరికి లోపల్నించి గొంతు పెరిగింది, ముద్దగా ఉన్నా ప్రతి మాటా తెలిసింది.

"వెళ్లి నీ పని చూసుకోవే."

వెళ్లాను. నాన్న కదల్లేదు. ఆయన గుప్పిట్లో చిల్లర బిళ్ల ఉంది. ఏడాదిన్నర అవుతోంది, దాన్ని వాడే అవసరం ఒక్కసారీ రాలేదు. చొక్కా మార్చినప్పుడల్లా ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకుంటారు.